సుమినాకు పెట్టని పేరు

సుమినా అంటే పెంటకుప్ప. స్వెద్రూ ఊళ్ళో కన్నకూతురికి ఆ పేరు పెట్టారంటే ప్రేమ లేక కాదు, ఉండబట్టే. ఎసీ క్వాన్సిమాకి అంతకు ముందు పుట్టిన ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టగానే మంత్రసాని ముసలమ్మ చెప్పినట్టల్లా చేసింది. పిల్లని బుట్టలో పెట్టి, వాడ చివర చెత్త పోసే దిబ్బ మీద వదిలిపెట్టి వచ్చింది. కాసేపటికి ముసలమ్మ ఆ బుట్టే పట్టుకొచ్చి, "ఎవరో పారేసుకున్నారమ్మా, నీకేమైనా పనికొస్తుందేమో చూడు" అని ఇచ్చింది. రెండు బుగ్గల మీదా బ్లేడుతో గాట్లు పెట్టారు. ఇంత రోతగా ఉన్నదాన్ని చావు మాత్రం ఏం చేసుకుంటుంది, పక్కింటికి పోతుందని వాళ్ళ ధీమా. పక్కింటివాళ్ళు ఏమనుకున్నారో ఎవరూ అడగలేదు.

గురువారం పుట్టింది కాబట్టి అబా అన్న పేరు ఎలాగూ ఉంది. అది గురువారం పుట్టిన ప్రతి ఆడదానికీ ఉండేదే, సంతలో అబా అని పిలిస్తే పదిమంది తిరిగి చూస్తారు. మనిషిది అనిపించుకునే పేరు వేరే ఉంటుంది. అది తండ్రే పెట్టాలి. తల్లి తొమ్మిది నెలలు మోయొచ్చు గానీ పేరు పెట్టే హక్కు ఆమెకి లేదు. మేనమామ పెట్టినా చెల్లదు, పాస్టరు పెట్టినా చెల్లదు. చచ్చాక పైనున్న పెద్దలు పిలిచేది తండ్రి పెట్టిన పేరుతోనే. అది లేనివాడు వాకిట్లో నిలబడాల్సిందే.

తండ్రి ఎకో బెంట్సిల్ వడ్రంగి. పొద్దంతా కుర్చీలు చేసి, పొద్దు వాలాక కల్లు పాకలో గిటారు వాయించేవాడు. "దీనికి పన్నెండు దాటి గండం గడవనీ. పెండలం మెదిపి, గుడ్డు తినిపించి, అందరి ముందూ అసలు పేరు పెడతాను. ఏ పేరో మనసులో ఎప్పుడో అనేసుకున్నాను" అన్నాడు. ఎసీ ఆ మాట పట్టుకుని బతికింది.

పిల్లని నిద్రపుచ్చేటప్పుడు ఎసీ జోలపాట పాడేది కాదు, తిట్టేది. తిట్టడమే అక్కడ ముద్దు. వీపున కట్టుకుని, ఇల్లు ఊడుస్తూ, సన్నగా రాగం తీసేది:

ఎవరు పారేశారే నిన్ను, పెంటకుప్ప పిల్లా?
గద్ద చూసి తల తిప్పుకుంది,
కుక్క చూసి ఆవలించింది,
నిన్నెవరు తీసుకుంటారే, నిన్నెవరు తీసుకుంటారు?

గద్దకీ కుక్కకీ చెబుతున్నట్టు ఉండేది గానీ ఆమె చెబుతున్నది చావుకి. ఎకో అరుగు మీద కూర్చుని విన్నాడు. అతను బొటనవేలూ చూపుడువేలూ రెండింటితోనే వాయించేవాడు. బొటనవేలు మద్దెల కొడుతుంటే చూపుడువేలు పాడేది. భార్య కంఠంలోని ఏడుపుని తీసి పక్కన పెట్టి, ఆ తిట్లని గంతులేసే దరువులో బిగించాడు. వారం తిరక్కుండా కల్లు పాకంతా అదే పాట. ఏడాది తిరక్కుండా బెంట్సిల్ వడ్రంగం మానేశాడు.

అవి ప్రతి ఊరికీ ఒక బ్యాండు పుట్టిన రోజులు. పట్నాల్లో సూట్లు వేసుకుని బాకాలూ శాక్సఫోన్లూ ఊదే పెద్ద బ్యాండ్లు హైలైఫ్ అనే ఆటపాటల బాణీ వాయిస్తే, దొరల దగ్గర పనిచేసేవాళ్ళు జంటలుగా ఆడేవారు. బెంట్సిల్‌లాంటివాళ్ళది లారీ మీద కోకో తోటల ఊళ్ళు తిరిగే బతుకు. ముందు పాటలు, తరవాత నాటకం. నాటకంలో ఆడవాళ్ళు ఉండకూడదు. ఆడవేషం ఎబో క్వాన్సా కట్టేవాడు. సన్నటి మనిషి, గొంతు సన్నం, నడుము ఇంకా సన్నం. అతను పైట సర్దుకుంటే సంతలో ఆడవాళ్ళు నేర్చుకునేవారు. "పెంటకుప్ప పిల్ల" పాటకి అతను మొహానికి మసి పూసుకుని, ఎవరూ పెళ్ళాడని కురూపిగా వచ్చి, ఒక్కొక్క మగాణ్ణీ కౌగలించుకోబోయేవాడు. జనం బెంచీల మీంచి పడి నవ్వేవారు. ఎసీ ఒక్కసారే చూసింది. ఇంటికొచ్చి పిల్లని దగ్గరికి తీసుకుంది, ఆ తరవాత ఆ పాట ఆమె నోట ఎవరూ వినలేదు.

పాట రికార్డయింది. రికార్డు తీరప్రాంతమంతా పాకింది. అప్పుడు బెంట్సిల్‌కి ఒక ఆలోచన వచ్చింది. నాటకం ఉన్న రోజు మధ్యాహ్నం లారీ మీద మైకు కట్టుకుని ఊరంతా చాటింపు వేయడం బ్యాండ్ల అలవాటు. ఆరేళ్ళ కూతుర్ని తీసుకెళ్ళి లారీ కప్పు మీద కూర్చోబెట్టాడు, నెత్తిన చెత్తబుట్ట పెట్టి.

"రండి, చూడండి! అసలు సుమినా! పాటలో సుమినా! ప్రాణాలతో!"

మొదటి రెండు ఊళ్ళూ పిల్లకి పండగలాగే ఉంది. అంత ఎత్తున ఎవరు కూర్చోబెడతారు? మూడో ఊరు ఒడాలో పిల్లలు నారింజ తొక్కలు విసిరారు. బుట్ట ఉంది కదా, వెయ్యాలనే అనిపిస్తుంది మరి. తొక్కల తరవాత కాయలు వచ్చాయి, కాయల తరవాత ఒక మామిడి టెంక వచ్చి కనుబొమ మీద తగిలింది. పిల్ల ఏడ్చింది. కింద క్యాబిన్‌లో కూర్చున్న బెంట్సిల్ తల బయటపెట్టి చూసి, డ్రైవరుతో అన్నాడు:

"మెల్లగా పోనియ్యరా. ఇంకో రెండు వీధులు తిప్పు, జనం బాగా వస్తున్నారు."

ఎబో లారీ వెనక నుంచి పైకెక్కి తన పైటతో రక్తం తుడిచాడు. "ఏడవకే అమ్మాయ్. రోజూ నా మీద విసరట్లేదూ? ఇది కళ" అన్నాడు. ఓదార్చడం అతనికి అంతే వచ్చు.

బళ్ళో మాస్టారు హాజరు పిలుస్తూ "సుమినా బెంట్సిల్" అనగానే తరగతంతా పాట అందుకునేది. మాస్టారు బెత్తం బల్ల మీద కొట్టేవాడు, కానీ దరువు తప్పకుండా కొట్టేవాడు. నాలుగో తరగతితో ఆమె చదువు అయిపోయింది.

పదమూడో ఏట ఈడేరింది. ఎసీ ఆ రోజు కోసమే కాచుకుని ఉంది. తెల్లబట్ట కొంది. పెండలం ఉడికించి ఎర్రనూనెతో మెదిపింది, గుడ్డు ఉడకబెట్టింది, పెద్దలకి కబురు పెట్టింది. కూతురు పీట మీద పొద్దున్నుంచీ కదలకుండా కూర్చుంది. బెంట్సిల్ పొద్దున్నుంచీ లారీకి సామాను ఎక్కిస్తూనే ఉన్నాడు.

"గండం గడిచింది, పేరు పెట్టు" అంది ఎసీ.

"ఈ కోకో పంట రోజులు పోనియ్యవే. ఇప్పుడే రెండో రికార్డు అడుగుతున్నారు, 'సుమినా పెళ్ళికూతురైంది' అని. నేనిప్పుడు దీన్ని మార్చేస్తే ఆ పాట ఎవరిదనుకుంటారు?"

"పాటకి కాదు పేరు, పిల్లకి."

"పాట తిండి పెడుతోంది. పిల్ల పెడుతోందా?"

"పోనీ ఆ పేరేదో నా చెవిలోనైనా చెప్పి చావు!"

"ముందే చెప్పేస్తే పేరుకి బలం ఉంటుందిటే, పిచ్చిదానా?" అని నవ్వి, కూతురి బుగ్గ మీద గాటుని వేలితో రాసి, లారీ ఎక్కాడు. పెద్దలు వచ్చి, తాగాల్సింది తాగి వెళ్ళారు. గుడ్డు చల్లారిపోయింది. సాయంత్రం ఎసీ దాన్ని కుక్కకి వేసింది, కుక్క తినేసింది.

ఎసీ మరో రెండేళ్ళు బతికింది. కడుపులో గడ్డ. ఆఖరి రోజుల్లో మొగుణ్ణి ఆ పేరొక్కటే అడిగింది, అదీ కబురు మీద కబురు పంపి. అతను ఎక్కడో తోటల ఊళ్ళలో ఉన్నాడు. శవం లేచే వేళకి వచ్చాడు. బ్యాండు మాత్రం చాలా బాగా వాయించిందని ఊరంతా చెప్పుకుంది.

సుమినా స్వెద్రూ వదిలి టకొరాడి పోయింది. రేవు పట్నం, ఎవరికి ఎవరూ తెలీరు. రొట్టెలు కాల్చి అమ్మింది. రైలింజన్లో బొగ్గు వేసే క్వేసీ అనామన్ని కట్టుకుంది. మంచివాడే, కొట్టేవాడు కాదు. కొడుకు పుట్టాడు, క్వామెనా. ఆ వాడలో ఆమె ఉత్త అబా, రొట్టెల అబా. నాలుగేళ్ళు పాట వినబడినా పక్కింటిదాని గురించన్నట్టు వినగలిగింది. తన జీవితంలో మంచి రోజులేవని ఎవరైనా అడిగితే ఆ నాలుగేళ్ళే చెప్పేది.

అప్పటికి కాలం మారింది. లెగోస్ వెళ్ళొచ్చిన కుర్రకారు అక్రాలో కొత్త బ్యాండ్లు కట్టారు. చొక్కాలు లేకుండా, మెళ్ళో పూసలతో, ఆరు బాకాలూ నాలుగు డోళ్ళూ పెట్టి ఒక్క పాటని పావుగంట సాగదీసేవాళ్ళు. ఆఫ్రోబీట్ అన్నారు. అందులో ప్రేమా దోమా ఉండవు, అంతా గద్దెనెక్కిన వాళ్ళని తిట్టడమే. వాళ్ళ చేతికి సుమినా చిక్కింది. ఇప్పుడు పెంటకుప్ప పిల్ల అంటే ప్రభుత్వం: "గద్దకి వద్దు, కుక్కకి వద్దు, మా నెత్తినెక్కింది." కాలేజీ పిల్లలు వెర్రెత్తి ఆడారు. పత్రికవాళ్ళు మూలకర్త ఎవరని వెతుక్కుంటూ బెంట్సిల్ దగ్గరికి వెళ్ళారు. ముసలితనం తొంగిచూస్తున్న మనిషికి ఫోటో తీస్తామంటే ఒళ్ళు తెలుస్తుందా? గిటారుతో నిలబడి అన్నీ చెప్పాడు. "మా సుమినా ఇప్పుడు టకొరాడి రేవు దగ్గర రొట్టెలమ్ముతోంది, వెళ్ళి చూడండి" అని చిరునామాతో సహా చెప్పాడు.

మర్నాటి నుంచి చూడ్డానికి వచ్చారు.

ఆ తరవాత సరుకులు దొరకని రోజులు. పిండి కోసం గొడౌను ముందు క్యూ. తుపాకీ పట్టుకున్నవాడొకడు కాగితం చూసి పేర్లు చదువుతున్నాడు. కాగితం మీద అసలు పేరే రాయాలి, ఆమెకున్న అసలు పేరు అదే.

"సుమినా బెంట్సిల్! ఎవరే అది? ఓహో, నువ్వేనా ప్రభుత్వం?"

క్యూ అంతా నవ్వింది. వాడికి నవ్వు వస్తే మంచిదే, కాల్చడు.

"పెంటకుప్పవి కదే, పెంట ఎత్తు మరి" అన్నాడు. గొడౌను పెరట్లో చెత్తంతా తట్టలోకి ఎత్తించి, ఆమె నెత్తిన పెట్టించి, క్యూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించాడు. "పాడండ్రా!" అన్నాడు. పాడారు. ఆమె దగ్గర రోజూ రొట్టె కొనేవాళ్ళు, ఆమె కొడుకుని ఎత్తుకుని ఆడించినవాళ్ళు, పిండి మీద చూపు పెట్టి చప్పట్లు కొడుతూ పాడారు. తట్టలోంచి నీరు మెడ మీదికి కారుతుంటే ఆమె నాలుగు సార్లు తిరిగింది. చివరికి పిండి ఇచ్చాడు. ఇంటికెళ్ళి దాంతోనే రొట్టెలు కాల్చి, వాళ్ళకే అమ్మింది. ఇంకేం చేస్తుంది? క్వేసీ ఆ ఏడే పని వెతుక్కుంటూ నైజీరియా వెళ్ళాడు. ఒక ఉత్తరం రాశాడు. రెండోది రాయలేదు.

గద్దెనెక్కిన సిపాయిలు కర్ఫ్యూ పెట్టారు. సాయంత్రం ఆరు దాటితే వీధిలో కుక్క కూడా ఉండని ఊళ్ళో బ్యాండు ఎవరి కోసం వాయిస్తుంది? రెండేళ్ళు అలా సాగేసరికి లారీలు అమ్ముకున్నారు, బాకాలు అమ్ముకున్నారు. చేతనైనవాళ్ళు జర్మనీ పోయారు, చేతకానివాళ్ళు చర్చిల్లో చేరారు. హాంబర్గ్ నుంచి క్యాసెట్లు వచ్చాయి, డోలు కొట్టేది మిషను, మధ్యలో ఆడవాళ్ళ మూలుగులు, అందులోనూ సుమినా. చర్చిలో హైలైఫ్ దేవుడి పాటైంది: "నన్నెవరు తీసుకుంటారు? యేసు తీసుకున్నాడు!" సుమినా చర్చికి వెళ్ళేది, ఆ పాట వచ్చినప్పుడు బయటికొచ్చి నిలబడేది. పాస్టరు జాలిపడి, "గ్రేస్ అని బాప్తిస్మం ఇస్తానమ్మా, హాయిగా ఉండు" అన్నాడు.

"మా నాన్న పెట్టాలి అయ్యగారూ. ఆయన ఇంకా బతికే ఉన్నాడు."

ఆ బతికున్నవాడు ఒక మధ్యాహ్నం ఆమె గుమ్మం ముందు లారీలోంచి దిగాడు. దిగాడనడం కన్నా దించారనడం సరైనది, పెండలం బస్తాలాగా. పక్షవాతం కుడివైపంతా తినేసింది. మూతి వంకర, గిటారు వాయించే చెయ్యి ఒళ్ళో చచ్చిన పక్షిలా పడి ఉంది. వెంట ఎబో వచ్చాడు. తల నెరిసినా నడక మాత్రం ఇంకా పైట ఉన్నట్టే.

"నా దగ్గర చోటు లేదే అమ్మాయ్. మీ నాన్న తోటల ఊళ్ళలో చేసుకున్న పెళ్ళాలెవరూ రానివ్వలేదు. వాడి పిల్లల్లో నువ్వు పెద్దదానివి" అన్నాడు.

ఆమె జాలిపడి ఉంచుకుందని వాడలో అందరూ మెచ్చుకున్నారు. అది అబద్ధం. పేరు కోసం ఉంచుకుంది. మొదటి రోజే చెప్పేసింది కూడా.

"ఇదిగో నాన్నా, వింటున్నావా? నువ్వు పేరు పెట్టాలి. అది పెట్టేదాకా నువ్వు చావడానికి వీల్లేదు."

"పెడతానే. వచ్చే నెల" అన్నాడు బెంట్సిల్, వంకర మూతితో. అప్పటికి బుర్ర బాగానే ఉంది, అందుకే చెప్పలేదు. పేరు ఇచ్చేస్తే గంజి ఆగిపోతుందని అతని భయం. పేరు రాకపోతే గంజి ఆపేది ఆమె. పులియబెట్టిన మొక్కజొన్న కెంకే ముద్ద నలిపి, చేప చారు పోసి, అతని ముక్కుకి వాసన తగిలేంత దూరంలో గిన్నె పెట్టి కూర్చునేది.

"నా పేరు?"

"వచ్చే నెలే..."

"అయితే చారు కూడా వచ్చే నెలే."

ఒక్కోసారి సాయంత్రం దాకా కూర్చునేది. అతను ఏడ్చేవాడు. ఆ ఏడుపు వినడం ఆమెకి ఇష్టంగా ఉండేది. ఆ ఇష్టానికి రాత్రి సిగ్గుపడేది, పొద్దున్నే మళ్ళీ గిన్నె పట్టుకునేది. అలా ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో అతని బుర్ర కొంచెం కొంచెంగా చెదిరిపోయింది. ఆమె అది చూస్తూ ఇంకా తొందరపెట్టింది.

ఈలోగా కొడుకు క్వామెనా పెళ్ళి చేసుకున్నాడు, కూతురు పుట్టింది. మొదటి ఆడపిల్లకి తండ్రి తన తల్లి పేరు పెట్టుకోవడం ఆచారం. సుమినా ఏమీ అడగలేదు. ఎనిమిదో రోజున క్వామెనా ఆమె మొహం చూడకుండా, అత్తగారి పేరు పెట్టాడు. కన్నబిడ్డని పెంటకుప్ప అని పిలవమని ఎవరికి చెబుతాం? ఆమె చప్పట్లు కొట్టింది, అందరికన్నా ముందు తనే కొట్టింది. తరవాత పెరట్లోకెళ్ళి పొయ్యి మీది కుండని తన్నింది.

మరో మూడేళ్ళకి పాట మళ్ళీ లేచింది. కుర్రాళ్ళు కంప్యూటర్లో బెంట్సిల్ రికార్డు ముక్క కోసి, అదే తిప్పి తిప్పి, దాని మీద గబగబా మాటలు కురిపించారు. హిప్‌లైఫ్ అంట. ఆ మాటలు ఇక్కడ రాయడానికి లేదు. సందులో ఆడపిల్ల నడిస్తే చాలు, వెనక నుంచి అదే కూత. ఆమె మనవరాలు, మూడేళ్ళది, ముద్దుముద్దుగా అదే పాడుకుంటూ నానమ్మ ఒళ్ళోకి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే ఆమె ఎండుచేప ముల్లు తీస్తూ, అలవాటుగా, ఆశ లేకుండా అడిగింది. "నాన్నా, నా పేరేమిటి?"

బెంట్సిల్ ఆమె వైపు తిరిగాడు. "అబా..." అన్నాడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అబా తాచివా" అన్నాడు. బాగున్న కంట్లోంచి నీళ్ళు కారాయి. "ఎంత అందగత్తె! నడిచొస్తుంటే చూడాలి. ఊరు ఊరంతా లేచి నిలబడేది."

ఆమె చేప పారేసి, ఆ చేప వాసన చేతులతోనే అతని తల పట్టుకుని గుండెకి అదుముకుంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, వీధిలోకి పరిగెత్తి, "తాచివా! మా నాన్న నాకు తాచివా అని పెట్టాడు! అందగత్తెనంట!" అని కనబడ్డ ప్రతివాడికీ చెప్పింది. రొట్టెల బండి మీద ఎర్ర రంగుతో 'తాచివా రొట్టెలు' అని రాయించింది. పాత పేరుతో పిలిచినవాడికి రొట్టె ఇవ్వలేదు. మిగిలినవి పారేసుకుంది గానీ ఇవ్వలేదు. తండ్రికి ఆ నెలంతా కోడి చారు.

దేవుడు కూడా కలిసొచ్చినట్టే, క్వామెనాకి మళ్ళీ ఆడపిల్ల పుట్టింది. ఈసారి కొడుకు తనే వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, నీ పేరే పెడతాను. పోయినసారి జరిగింది మనసులో పెట్టుకోకు."

"ఏం జరిగింది పోయినసారి? నాకు గుర్తే లేదు" అంది. అంత చక్కగా అబద్ధం ఆడటం ఆమెకి అదే మొదటిసారి.

ఎనిమిదో రోజు పొద్దున్నే పెద్దలు కూర్చున్నారు. పిల్ల నాలుక మీద ఒక చుక్క నీళ్ళు, ఒక చుక్క సారాయి వేశారు. నీళ్ళని నీళ్ళనాలి, సారాయిని సారాయనాలి, బతుకంతా ఉన్నమాటే అనాలని అర్థం. "తాచివా" అన్నాడు క్వామెనా. "తాచివా" అన్నారు అందరూ. సుమినా తెల్లబట్ట కట్టుకుని, ఎన్నాళ్ళుగానో ఎక్కడ దాచుకుందో ఆ నవ్వు అంతా ఆ పూట నవ్వింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి స్వెద్రూ నుంచి ఎబో వచ్చాడు. బస్సు ఆలస్యమైందట. డెబ్భై అయిదేళ్ళ మనిషి, ఎవర్నీ ఏమీ అడక్కుండా పళ్ళెం అందుకున్నాడు. అరుగు మీద బెంట్సిల్‌ని కుర్చీలో దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు ఆట మొదలెట్టి సుమినాని మధ్యలోకి లాగారు.

"పెద్ద తాచివా! రావే! నడుం తిప్పవే తాచివా!"

ఆ కేక వినగానే బెంట్సిల్ దిండ్ల మీంచి లేచాడు. ఎనిమిదేళ్ళుగా లేవని మనిషి వెన్ను నిటారైంది. ఎడమచేత్తో కర్రని నేలకేసి మూడుసార్లు కొట్టాడు. గొంతు ఖంగుమంది.

"అబా తాచివా! తలుపు తియ్యవే! లోపల దగ్గేదెవడే?"

ఎబో నోట్లో ముద్ద ఉంది. ముప్ఫై ఏళ్ళు ఆ గొంతుకి బదులు చెప్పిన నోరు అది. పళ్ళెం పట్టుకునే నడుము ఒక పక్కకి విరిచి, రెండో చెయ్యి తుంటి మీద వేసి, కీచుగొంతుతో అందుకున్నాడు.

"మేకండీ! మీరు కొనిచ్చిన మేకండీ! జలుబు చేసిందండీ!"

"మేక సిగరెట్టు కాలుస్తుందిటే?"

"చదువుకున్న మేకండీ! లారీ కూడా తోలుతుందండీ!"

ఇల్లంతా ఘొల్లుమంది. ముసలివాళ్ళు తొడలు చరుచుకున్నారు. బెంట్సిల్ ఇంకో మాట వేశాడు. ఎబో నోరు తెరిచి, అప్పుడు సుమినా మొహం చూశాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. బెంట్సిల్ అదే మాట మళ్ళీ వేసి, బదులు రాక, చిన్నపిల్లాడిలా దిక్కులు చూశాడు.

సుమినా ఎబో దగ్గరికి నడిచింది.

"బాబాయ్. తాచివా ఎవరు?"

"ఏదో పాత నాటకమే అమ్మాయ్, వదిలెయ్..."

"ఎవరు?"

ఎబో పళ్ళెం కింద పెట్టాడు. "నేనే తల్లీ" అన్నాడు. "నువ్వు పుట్టకముందు, కల్లు పాకలో సరదాగా ఆడిన మా మొదటి నాటకం. ఒక్క ఏడాదే ఆడింది. లారీ డ్రైవరుతో లేచిపోయే పెళ్ళాం. మీ నాన్నకి ఆ వేషం అంటే ప్రాణం, నా అంతటివాడు లేడనేవాడు. నీకు ఆ పేరు పెట్టాడని నాకెవరూ చెప్పలేదే. దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు." ఆ ముసలి మొహం మీద కన్నీళ్ళు జారాయి. అతను ఏడిస్తే ఎప్పుడూ నాటకంలాగే ఉంటుంది, అందుకని పక్కనున్నవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"మరి మనసులో అనుకున్న పేరు?"

"నాకేం తెలుసే? వాడికీ తెలీదు ఇప్పుడు."

ఆమె కిందపడలేదు, అరవలేదు. పక్కనే గోడకి చెయ్యి ఆనించింది.

పెద్దల్లో గుసగుసలు లేచాయి. లేచిపోయినదాని పేరు, అదీ మగాడు ఆడవేషం కట్టినదాని పేరు, ఎనిమిది రోజుల పసిదానికా? క్వామెనా భార్య పిల్లని గట్టిగా పట్టుకుని ఏడుపు మొదలెట్టింది. క్వామెనా చటుక్కున లేచాడు.

"ఏడవకే, ఇప్పుడు పోయిందేముంది? తండ్రిని నేను బతికే ఉన్నాను కదా. ఇంకో పేరు పెడతాను. ఏం పెద్దయ్యా, చెల్లుతుందా?"

"తండ్రి పెడితే ఎందుకు చెల్లదు? పొద్దు వాలకముందే కానియ్" అన్నాడు పెద్ద.

మళ్ళీ పీట వేశారు. మళ్ళీ ఒక చుక్క నీళ్ళు, ఒక చుక్క సారాయి. పిల్ల మూతి ముడిచింది. క్వామెనా తన భార్య అక్కగారి పేరు చెప్పాడు. మంచి పేరు, చిన్న పేరు. అందరూ మూడుసార్లు అన్నారు, అయిపోయింది. నిలబడ్డవాళ్ళు నిలబడే ఉన్నారు, కూర్చునేంత సేపు కూడా పట్టలేదు.

సుమినా అదంతా గోడ దగ్గర నుంచి చూసింది. "అంతేనా బాబాయ్?" అంది ఎబోతో. "ఇంత తేలికా ఇది?"

ఎబో కింద పెట్టిన పళ్ళెం మళ్ళీ అందుకున్నాడు.

కొడుకు దగ్గరికి వచ్చాడు. "అమ్మా, పాపది సరి చేశాను. నువ్వు బెంగపెట్టుకోకు."

"నాకు కూడా పెట్టవా క్వామెనా?"

"నేనా? నేను నీ కొడుకునమ్మా. నేనెలా పెడతాను?" అన్నాడు. అతనికి నిజంగానే బాధగా ఉంది, కానీ చుట్టూ చుట్టాలున్నారు, పెద్దలు చూస్తున్నారు.

అరుగు మీద బెంట్సిల్ మళ్ళీ దిండ్లలోకి కూలబడ్డాడు. చేతిలో కర్ర జారిపోయింది. చుట్టూ ఇంతమంది ఎవరో అతనికి తెలీలేదు, అందరి పళ్ళేల్లోనూ తిండి ఉంది, తనకి లేదు. భయపడి పెద్దగా కేకేశాడు.

"సుమినా! ఓ సుమినా! నాకు ఆకలేస్తోందే!"

అందరూ ఆమె వైపు తిరిగి చూశారు.

"వస్తున్నా నాన్నా" అంది.